గోషాలో కూర్చున్న సర్వేయరు

కర్నూలు రాజధాని అయిందన్న సంగతి మా ముందు గదిలో ఉయ్యాల ఊడదీసిన రోజు నాకు తెలిసింది. ఊరంతా సంబరపడుతుంటే నేను దూలానికి మిగిలిపోయిన రెండు కొక్కేలను చూసి ఏడ్చాను. ఆఫీసులకు కట్టడాలు చాలక మైదానాల్లో డేరాలు వేశారు. డేరాల్లో ఉండలేని ఉద్యోగులకు ఊళ్లోవాళ్లు ముందు గదులు, మిద్దె గదులు, కొందరైతే పశువుల కొట్టాలకు కూడా సున్నం కొట్టించి అద్దెకిచ్చారు. మా ముందు గదులు రెండూ ఒక సర్వేయరుకు పోయాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన, కొత్తగా పెళ్లయినవాడు. మనిషి మంచివాడే. కానీ నా ఉయ్యాల ఊగిన చోట బల్ల వేసుకుని, దాని మీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని కూర్చునేవాడు కాబట్టి నాకు ఆయన మీద మొదటినుంచీ కోపమే.

మాది కమలాపురం దగ్గర పల్లె. నాయన చెనిక్కాయల వ్యాపారం పెట్టుకుని కర్నూలు చేరాడు. ఊరు మారినా ఇంటి పద్ధతులు మారలేదు. మా అమ్మ వీధి వాకిలి దాటాలంటే గూడుబండి రావలసిందే. పరాయి మగవాడితో మాట్లాడాల్సి వస్తే ఆమె తలుపు వెనక నిలబడి నాతో చెప్పేది, నేను ఆయనతో చెప్పాలి. తలుపుకు ఇవతల ఉన్న మనిషికి మా అమ్మ మాట ప్రతి అక్షరం వినబడేది. అయినా నేను మళ్లీ చెప్పేదాకా ఆయన వినబడనట్టే కూర్చోవాలి, అదీ మర్యాద. ఈ పని వల్ల పన్నెండేళ్లకే ఇంట్లో నా మాటకు విలువ ఉందని నేను తెగ మురిసిపోయేదాన్ని. అందులో నా మాట ఒక్కటీ ఉండేది కాదని తర్వాతెప్పుడో తట్టింది.

మా వీధిలో ఇళ్లన్నీ వరసగా గోడకు గోడ ఆనుకుని ఉండేవి. వాటి వెనక, అవతలి వరస దొడ్లకూ మా దొడ్లకూ నడుమ, ఒక గొంది ఉండేది. ఇద్దరు మనుషులు బిందెలు చంకన పెట్టుకుని ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాలి, అంతే వెడల్పు. నేల మీద నాపబండలు పరిచి ఉండేవి. నడుమ ఒక చేదబావి, చివర ఆడపిల్లల బడి వెనక గోడ, ఆ గోడకు ఒక చిన్న తలుపు. మా ఆడవాళ్ల లోకమంతా ఆ గొందిలో నడిచేది. మజ్జిగ చెంబులు అందులోనే పోయేవి, పొయ్యిలోకి నిప్పు అందులోనే వచ్చేది. ఎవరికి నొప్పులు మొదలైనా, ఎవరింటికి చుట్టాలొచ్చినా, మగవాళ్లకు వీధిలో తెలిసేలోపల మాకు గొందిలో తెలిసిపోయేది. రాజధాని వచ్చాక వీధి నిండా జీపులు, టీ అంగళ్లు, ముక్కూమొహం తెలియని మగవాళ్లు. అంతకుముందు వీధిలో నడిచే ఆడవాళ్లు కూడా గొందిలోకే దిగారు.

ఆ గొందికి ఒక కట్టుబాటు ఉండేది. ఏ పనిమీదైనా మగవాడు అందులోకి రావలసివస్తే మొగదలలో నిలబడి గట్టిగా దగ్గాలి. దగ్గు వినబడగానే ఆడవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ దొడ్లలోకి దూరి తలుపులేసుకునేవారు. ఆయన పని చూసుకుని వెళ్లాక మళ్లీ తలుపులు తెరుచుకునేవి. ఎవరూ ఎవరినీ చూడరు, అందరి మర్యాదా దక్కుతుంది.

మా పక్కింటి పిల్ల నా స్నేహితురాలు. నాకన్నా ఏడాది పెద్ద, ఇద్దరం థర్డు ఫారం. లెక్కల్లో దాన్ని కొట్టేవాళ్లు బడిలో లేరు. ముస్లిముల ఇల్లు, వాళ్లమ్మను నేను ఖాలా అని పిలిచేదాన్ని. ఆ ముందేడు దాన్ని గోషాలో పెట్టారు. చదువు మాన్పిస్తామని వాళ్ల నాన్న అంటే, ఖాలా నెల రోజులు పోరి ఒక మాట ఒప్పించుకుంది: వీధిలో ఒక్క అడుగు కూడా పెట్టకుండా, ఇంటి దొడ్డివాకిలి నుంచి గొందిలో పడి బడి వెనక తలుపు దాకా పోగలిగినన్నాళ్లు చదువుకోవచ్చు. నేను మటుకు మహారాణిలా ముందు వీధినే పోయేదాన్ని. జీపుల్ని, టోపీల్ని, బండ్ల మీద దిగుతున్న బీరువాల్ని చూసుకుంటూ పోయి, బడిలో దానికి అన్నీ కథలుగా చెప్పేదాన్ని. సగం కల్పించి చెప్పేదాన్ని. దానికీ తెలుసు, అయినా నవ్వుతూ వినేది.

ఒకరోజు సర్వేయరు బల్ల మీద కొత్త పటం కనబడింది. మా వీధి, మా ఇళ్లు, ఒక్కో ఇంటి మీద ఒక్కో అంకె. వీధికి రెండు పక్కలా ఎర్రగీతలు గీసి ఉన్నాయి. అరుగులు కొట్టేసి వీధిని వెడల్పు చేస్తారని నాయనవాళ్లు చెప్పుకోగా విన్నాను, అదే ఇది. ఇళ్ల వెనక మాత్రం అడ్డంగా ఒక పొడుగాటి పట్టీ, దాన్నిండా నీలం గళ్లు.

“గొంది యాడ?” అన్నాను.

“ఏ గొంది అమ్మాయ్?” అన్నాడాయన, తల ఎత్తకుండా. “ఆ వెనకాల ఖాళీ జాగా ఉంది. అవతలి దొడ్లలో కూడా కాస్త కలుపుకుని అక్కడ కాగితాల గిడ్డంగులు కడతారు. ఆఫీసు రికార్డులు డేరాల్లో తడిసిపోతున్నాయి కదా.”

నా స్నేహితురాలి బడి దారి ఆ నీలం గళ్ల కింద ఉంది. ఒక్క పరుగున పోయి ముందు దానికి చెప్పాను. అది దొడ్లో కూర్చుని పలక మీద లెక్క చేస్తోంది. విని, పలక తుడిచేసి, “ఎప్పుడు మొదలుపెడతారంట?” అని మాత్రం అడిగింది. దాని గొంతు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు. ఖాలా పొయ్యి ముందు అలాగే కూలబడింది.

సాయంత్రం అమ్మ నాయనను గొంది సంగతి అడిగింది. నాయన అప్పుడే రెండిళ్ల అవతలి నుంచి గొందిలో వచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. “ఆ గొందిలో ఎవురు తిరుగుతారు? ఎలకలు తప్ప,” అన్నాడు. అమ్మ ఆయన చేతిలో చెంబు వంక చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అమ్మ ఏమీ అనలేదంటే పెద్ద పనే మొదలుపెట్టబోతోందని నాకు తెలుసు.

మర్నాడు సర్వేయరును మా నడవలో కూర్చోబెట్టారు. అమ్మ తలుపు వెనక, నేను గడప మీద.

“ఆయప్పను అడుగు, గొందిని ఖాళీ జాగా అని ఎట్ల రాసినాడో.”

అడిగాను. ఆయన నాకు జవాబు చెప్పాడు. “అమ్మగారికి చెప్పు, నేను మూడు రోజులు వెళ్లాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క మనిషి కనబడలేదు. జనసంచారం లేదు అని రాశాను.”

“ఆ బండలు నున్నగా అరిగిపోయినాయి గదా, అవి ఎట్ల అరిగినాయని అడుగు.”

“వానకు అరిగి ఉంటాయి,” అన్నాడు.

“కర్నూల్లో వానకు బండలు అరుగుతాయా, ఆయప్ప వచ్చినాక ఎన్ని వానలు చూసినాడో అడుగు,” అంది అమ్మ. నేను అడగకముందే ఆయన నవ్వాడు. మర్యాద తప్పినట్టే లెక్క, కానీ ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు అమ్మకు అసలు సంగతి తట్టింది. “ఆయప్ప ఎంబడి ఎవరు పోయినారో అడుగు.” కొలత గొలుసు లాగే మనిషి ఒకతను వెళ్లాడట. మా ఊరివాడే, పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు. అతన్ని పిలిచి అడిగితే గర్వంగా చెప్పాడు. “ఊరికే ఎట్ల పోతామమ్మా? పొయ్యే ముందర ప్రతిసారీ మొగదలలో దగ్గినా. ఒకసారి కాదు, మూడుసార్లు దగ్గినా. మర్యాద తెలియనోణ్ణా నేను?”

అమ్మ నవ్వింది. తలుపు వెనక నవ్వుతూ నవ్వుతూ ఆమె గొంతు మారింది. “మా మర్యాదే మమ్మల్ని పటంలో లేకుండా చేసినాదమ్మా,” అంది. అది ఆయనకు చెప్పమన్నదో, తనలో తాను అనుకున్నదో తెలియక నేను చెప్పలేదు. చెప్పే అవసరం కూడా లేదు, ఆయన ముఖం చూస్తేనే విన్నాడని తెలిసింది.

కానీ ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి. కళ్లతో చూసిందే రాయాలట, చెప్పుకోలు మాటలు రాయకూడదట. పటం గురువారం పై అధికారి దగ్గరికి పోతుంది. ఆలోపల ఆడవాళ్లు నడుస్తుండగా తాను నిలబడి చూస్తే మార్చి రాస్తానన్నాడు. ఆయన నిలబడితే వీళ్లు నడవరు. వీళ్లు నడవాలంటే ఆయన నిలబడకూడదు. బావి దగ్గర ఆడవాళ్లంతా ఆ రోజు అదే మాట తిప్పి తిప్పి అనుకున్నారు. ఒకరు ముసుగేసుకుని నడుద్దామన్నారు, ఒకరు అసలు నడవనే వద్దు, దేవుడే చూసుకుంటాడన్నారు.

ఉపాయం ఖాలాదే. బిందె ఒడ్డు మీద దించి, “అరె, పర్దా ఎప్పుడూ మనమే వేసుకోవల్లనా? ఈసారి ఆయన్నే పర్దాలో కూర్చోబెట్టండి,” అంది.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వుకు బావిలో పావురాలు లేచిపోయాయి. సర్వేయరుతో ఈ మాట చెప్పే పని మళ్లీ నాదే. చెప్తే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ కాసేపు పెన్సిలు నమిలి, ఒప్పుకున్నాడు.

బుధవారం పొద్దున్నే మా దొడ్డివాకిలికి అమ్మ ఒక మందపాటి దుప్పటి కట్టించింది. కింద జానెడు సందు వదిలింది. దాని వెనక ఎత్తు తక్కువ పీట, పీట మీద సర్వేయరు, ఆయన ఒళ్లో పుస్తకం. దుప్పటి ఎత్తకూడదు, తొంగి చూడకూడదు, దగ్గకూడదు. పక్కన కాపలా నేను. పోయే ప్రతి పాదానికీ ఆయన ఒక గీత గీయాలి.

మొదట చాలాసేపు ఎవరూ రాలేదు. ఆడవాళ్లకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. తర్వాత మెల్లగా ఒక జత పాదాలు వచ్చాయి, ముసలివి, పగుళ్లవి. వాటి వెనక ఇంకో జత, బిందెలోంచి చిందిన నీళ్లతో తడిసినవి. ఇక ఆగలేదు. కడియాలు, మట్టెలు, పసుపు రాసుకున్న పాదాలు, పేడ అంటిన పాదాలు, ముఖమల్ చెప్పులు, ఆ చెప్పుల వెంబడే ఒక మేకపిల్ల. ఆయన గీతలు గీస్తూనే ఉన్నాడు. కొందరికి ఉత్సాహం ఎక్కువై ఇటునుంచి పోయి అటునుంచి మళ్లీ వచ్చారు. “అమ్మాయ్, ఈ కడియాలు నాలుగోసారి,” అని ఆయన నా చెవిలో అన్నాడు. నేను బయటికి వినబడేలా అదే మాట అన్నాను. గొందిలో ఎవరో కిసుక్కున నవ్వి పారిపోయారు.

బడి వేళకు నా స్నేహితురాలు వచ్చింది. దాని పాదాలు నాకు తెలుసు, బొటనవేలి మీద సిరా చుక్క. అది దుప్పటి ముందు నిలబడిపోయింది. కదలదు. “నువ్వు యాడికి పోతాండావో ఆయప్ప అడుగుతాండాడు,” అని నేను అబద్ధం కల్పించి గట్టిగా అన్నాను. దుప్పటి అవతలి నుంచి దాని గొంతు, “ఇస్కూలుకు పోతాండా. దినామూ ఈ దారినే పోతా. వేరే దారి లేదు,” అంది. సర్వేయరు గీత గీయలేదు. ఆ పేజీ పక్కన ఏదో రాసుకున్నాడు, చదివితే “బడి పిల్ల, వేరే దారి లేదు” అని ఉంది.

ఎండెక్కాక ఇంకొక జత పాదాలు చకచకా వచ్చాయి. తెల్లటి పాదాలు, పారాణి, ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. సర్వేయరు పెన్సిలు ఆగిపోయింది. ఆ పాదాలు ఖాలా వాళ్ల దొడ్డివాకిలి వైపు తిరిగి, అలవాటైన దారిలాగా లోపలికి పోయాయి.

“అమ్మాయ్,” అన్నాడాయన చాలా మెల్లగా, “మా ఆవిడ ఇంట్లోనే ఉంది కదా?”

ఆయన కొత్త ఊరని భార్యను వీధి గడప దాటొద్దన్నాడు. ఆ అక్క ఒక్కరోజూ దాటలేదు. దొడ్డివాకిలి సంగతి ఆయన చెప్పలేదు కాబట్టి, వచ్చిన వారం నుంచే రోజూ ఖాలా ఇంటికి పోయి జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంటోంది. ఆ పొద్దున మా వాకిలి దుప్పటితో మూసి ఉందని మిద్దె మీదుగా అవతలి పక్కింట్లో దిగి వచ్చింది. మొదట్లో ఆమె రొట్టెలు మేకకే పెట్టేవాళ్లం. ఇప్పుడు బాగా వస్తున్నాయి. మా ఇంటి రొట్టెలనుకుని ఆయన అమ్మను తెగ పొగుడుతుండేవాడు, నేనే ఆ పొగడ్తలు తలుపు వెనకకు మోసేదాన్ని.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. “మూడు రోజులు ఇక్కడే తిరిగాను. మా ఇంటి మనిషే తలుపు వెనక ఉందన్నమాట,” అన్నాడు. తర్వాత వంగి ఒక గీత గీశాడు, మిగతావాటికన్నా కాస్త లావుగా. మధ్యాహ్నం వాళ్ల గదిలో గొడవ జరుగుతుందని అమ్మా నేనూ చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ముందు ఆ అక్క నవ్వు, ఆ తర్వాత ఆయన నవ్వు వినబడ్డాయి. ఇంకో రొట్టె వెయ్యమని అడిగాడు కూడా.

మర్నాడు, ఆ గీతల లెక్క విని నమ్మలేక, పై అధికారి స్వయంగా చూడటానికి వచ్చాడు. ఈయన్ను కూడా దుప్పటి వెనక కూర్చోబెట్టాలని తీర్మానమైంది. కానీ అమ్మకు గొలుసు లాగే మనిషి దగ్గు మీద నమ్మకం లేదు. అలవాటు కొద్దీ ఒక్కసారి దగ్గాడంటే గొందంతా మళ్లీ ఖాళీ. అందుకని పొద్దున్నే అతన్ని పిలిపించి, “ఏమప్పా, శానా పని చేసినావు,” అని నిమ్మకాయంత బెల్లం ముద్ద ఇప్పించి, ఇక్కడే నోట్లో వేసుకోమంది. అతను అధికారి వెంబడి బుగ్గ ఉబ్బించుకుని నోరు మూసుకుని నడిచాడు. అధికారి పీట మీద కూర్చున్నాడు, చూశాడు, సర్వేయరు పుస్తకం తిరగేశాడు. గీతల కన్నా ఆ పక్కన రాసిన మాట దగ్గర ఎక్కువసేపు ఆగాడు. గిడ్డంగులు కట్టడానికి ఊరి బయట బోలెడు బీడు ఉందని సర్వేయరే చెప్పాడట. కొత్త పటంలో నీలం గళ్లు పోయి, రెండు సన్న గీతల నడుమ “స్త్రీలు నడిచే దారి” అని పడింది. మా వీధి అరుగులు మాత్రం పోయాయి. వీధి వెడల్పయింది, జీపులు రెండు వరసలుగా పోయాయి.

ఆ తర్వాత నేను నా స్నేహితురాలిని ఎంత ఏడిపించానో చెప్పలేను. బడిలో లెక్క తప్పు చేసి దాని పలకలో చూసి రాసుకుంటూ, “నా వల్లే గదమ్మే నువ్వు చదువుకుంటాండావు,” అనేదాన్ని. అది పాపం ఒక్కసారీ కాదనలేదు. పలక కాస్త నా వైపు తిప్పేది. ఉపకారం చేసినవాళ్ల గొప్ప నాకు బాగానే ఒంటబట్టింది.

ఏడాది తిరిగింది. నన్ను చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్లను పిలిచారు. కొత్త చీరకు, నువ్వుల బెల్లానికి నేను సంబరపడుతూనే ఉన్నాను. ఆ రోజులు గడిచి, తలంటు పోసుకుని, మర్నాడు బడికి పుస్తకాలు సర్దుకుంటుంటే నడవలో నాయన గొంతు వినబడింది.

“ఇంక ఇస్కూలు చాల్లే. ఈడొచ్చిన పిల్ల వీధెంబడి పోతే మన ఇండ్లల్లో ఏమనుకుంటారు?”

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది, తలుపు వెయ్యి అన్నంత మామూలుగా అన్నాడు. అన్నాళ్లూ ఇతరుల మాట మోసినదాన్ని, నా కోసం ఒక్క మాట నాకు దొరకలేదు. ఆ క్షణందాకా గోషా అనేది పక్కింటి సంగతి అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని నేను.

“వీధిలో పొమ్మని ఎవురన్నారు?” అంది అమ్మ. “గొందిలో పోతాది.”

“ఆ గొంది ఇస్కూలు దాకా పోతాదా?” అన్నాడు నాయన. అన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్నాడు, నిజంగా తెలియదు.

“సర్కారు పటంలోనే ఉండాది, చూసుకోండి.”

“ఒక్కతే ఎట్ల పోతాది?”

అమ్మ లేచి దొడ్డివాకిలి తీసింది. నా స్నేహితురాలు పుస్తకాలు చంకన పెట్టుకుని అప్పటికే వచ్చి నిలబడి ఉంది. నేను వెళ్లి దాని పక్కన నిలబడ్డాను. అవతల వెడల్పయిన వీధిలో జీపు హారన్ మోగుతోంది, ఆ వీధిలో నేను ఇంక నడవను. దుప్పటి పక్కన కూర్చున్న రోజు దానికోసం కూర్చున్నాననే ఇన్నాళ్లూ గొప్పలు పోయాను. నా చదువు కూడా ఆ జానెడు సందులోంచే దక్కిందని తెలిసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అది నా చేతిలో సంచి లాక్కుంది. “ఈ దారిన ఇస్కూలుకు ఇద్దరం కలిసి నడిచేది ఇదే మొదటిసారి గదమ్మే,” అంది, సంతోషం ఆపుకోలేక. “ఏడ్చేది ఆడికి పొయ్యి ఏడుద్దువులే. పా, మొదటి గంట లెక్కలు.”